తలకిందుల పందెం

మార్చి 3

కొనేశాను. మా ఆయన పేయో ఎక్కిన గని బస్సు మలుపు తిరిగిందో లేదో, కంప్యూటర్ ముందు కూర్చుని నొక్కేశాను. నేను వడ్డించే మదలేన్ అత్త భోజనశాల కొనుక్కోవాలని మేం మొగుడూ పెళ్ళాలం ఇన్నేళ్ళూ కూడబెట్టిందంతా ఇప్పుడు తలకిందుల ఫండ్‌లో ఉంది. దాని అసలు పేరు బారెడు పొడుగుంది. బంగారు గనుల కంపెనీల షేర్లు ఒక శాతం పడితే ఇది మూడు శాతం పెరుగుతుంది. అవి పెరిగితే ఇది మూడింతలు పడుతుంది. అందుకే నేను పెట్టుకున్న పేరే నయం.

జూదం కాదు ఇది. మా ఎల్కో ఊళ్ళో జూదం ఆడాలంటే వీధి దాటి క్యాసినోకి వెళితే చాలు, కంప్యూటర్ దేనికి? ఇది ఇన్సూరెన్స్. మా పొయ్యి వెలిగేదే బంగారం మీద. పేయో జీతం బంగారం, మా ఇంటి ధర బంగారం, అత్త దగ్గర తినేవాళ్ళంతా బంగారం తవ్వేవాళ్ళే. గనులు పడితే అన్నీ కలిసి పడతాయి. అప్పుడు ఇదొక్కటే లేస్తుంది. ఇంత చిన్న విషయం పేయోకి చెబితే అర్థం కాకపోదు. చెబుతాను. ఇప్పుడే కాదు.

మార్చి 5

"డబ్బు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు పేయో బూట్లు విప్పుతూ.

"ఫండ్‌లో."

"భద్రమేనా?"

"ఇన్సూరెన్స్ లాంటిదే."

"సరే" అని పడుకున్నాడు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మార్చి 19

నాకు ఎలా తెలిసిందో రాసి పెట్టుకుంటాను. రేపు గెలిచాక గుడ్డిగా తగిలిందని నన్ను నేనే అనుకోకూడదు.

టీవీలో కోటు వేసుకుని మాట్లాడేవాళ్ళకి లేనిది నాకొకటి ఉంది. వడ్డన. షిఫ్టు దిగిన వాళ్ళు అత్త దగ్గరికొచ్చి పొడుగు బల్లల దగ్గర కూర్చోగానే ఒక గ్లాసు పికాన్ మందు అడుగుతారు. గని బాగుంటే సూప్ రాకముందే రెండోది అడుగుతారు. బాగోకపోతే ఒకటి తాగి, లేదా అదీ తాగకుండా, డాక్టరు వద్దన్నాడంటారు. ఓవర్‌టైమ్ ఆగిపోయిందని నోరు తెరిచి చెప్పే మగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. నాకు పెళ్ళయిన కొత్తలో గనులు మూతపడ్డప్పుడూ ఇంతే. ముందు రెండో గ్లాసు పోయింది, ఆ తర్వాత ఉద్యోగాలు పోయాయి. ఈ క్రిస్మస్ నుంచి మళ్ళీ రెండో గ్లాసు కనబడటం లేదు.

నిన్న అత్త వంటింట్లోంచి తొంగి చూసి, "ఊళ్ళోకి ఇంతమంది డాక్టర్లు ఎప్పుడు దిగారే గచూచా?" అంది.

పేయో షిఫ్టుకి పెద్ద వెండెల్. మనిషి గుమ్మం పట్టడు. వాడు కూడా మంచినీళ్ళు అడిగాడు.

"నీక్కూడా డాక్టరేనా?" అన్నాను.

"డాక్టరైతే ఒప్పించేవాణ్ణి తల్లీ. మా ఆవిడ వద్దంది."

బల్లంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మనసులో ఇంకో మంచినీళ్ళ గ్లాసు జమ వేసుకున్నాను.

ఎవరూ అందరికీ పోయించడం కూడా లేదు. మా అత్త దగ్గర అదొక చట్టం. ఒకరు బల్లందరికీ పోయిస్తే, ఆ బల్లవాళ్ళు ఎప్పటికైనా తిరిగి పోయించి తీరాలి. తిరిగి పోయించలేనప్పుడు ఎవరూ మొదలుపెట్టరు.

ఏప్రిల్ 2

గని షేర్లు మొన్న ఏడు శాతం పడ్డాయి, నిన్న ఎనిమిది లేచాయి. టీవీ కింద పరిగెత్తే గీతలో చూశాను. నా ఖాతా మాత్రం తెరవను. అది నాకు నేను పెట్టుకున్న నియమం. తెరిస్తే భయపడతాను, భయపడితే అమ్ముతాను.

నాన్న వేసవి మొదట్లో గొర్రెల్ని కొండెక్కిస్తే మంచు పడేముందే దిగేవాడు. మధ్యలో ఉన్ని ధర ఎంతని ఎవర్నీ అడిగేవాడు కాదు. కదలకుండా కూర్చోవడం మా రక్తంలో ఉంది. తక్కినవాళ్ళు రోజూ కొని, రోజూ అమ్మి చేతులు కాల్చుకుంటారు. నేను కూర్చుంటాను.

ఏప్రిల్ 3

కూర్చున్నాను.

మే 11

విన్నెమక్కా ఊరి నుంచి ఒకాయన కొందామని వచ్చి భోజనశాల కొలుచుకుపోయాడు. గోడలు బాగున్నాయట. పొడుగు బల్లలు కోయించి నలుగురు కూర్చునేవి చేయిస్తాడట. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని ఈ రోజుల్లో ఎవరు తింటారన్నాడు.

అత్త నన్ను వెనక్కి పిలిచింది. "సెప్టెంబరు ఆఖరుకి సగం తెచ్చావా, ఇది నీది. తేలేదా, ఆయనది. నా మోకాళ్ళు ఇంకో చలికాలం మొయ్యవే."

"తెస్తానత్తా."

"ఎక్కణ్ణించి?"

"ఉందిలే."

ఆ పొడుగు బల్లల్ని రెండుసార్లు తుడిచాను. నేను పేయోని చూసింది అక్కడే. ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి, పక్కన ఎవరుంటే వాళ్ళకి గిన్నె అందించాలి. అతను బీన్స్ గిన్నె అందించాడు. నేను తీసుకున్నాను. మా పెళ్ళిచూపులు అంతే.

జూన్ 8

పేయోకి ఓవర్‌టైమ్ పూర్తిగా తీసేశారు. కింద రెండో సొరంగంలో పని ఆపేశారట. మంచం అంచున కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.

వీపు నిమిరాను. సూప్ వేడిచేసి పెట్టాను. కానీ లోపల ఏదో గంతేసింది. సంతోషం కాదు. మొగుడి జీతం తగ్గితే సంతోషించే ఆడదాన్ని కాను నేను. ఊరట అనాలేమో. నేను చెప్పిందే జరుగుతోందన్న ఊరట.

జూన్ 30

గని షేర్లు మార్చిలో ఉన్నదానికంటే కిందే ఉన్నాయి. మధ్యలో ఎన్ని గంతులేసినా చివరికి కిందే. నేను కరెక్టు. ఎవరికీ చెప్పుకోలేని కరెక్టు.

జులై 17

రాయలేకపోతున్నాను. అక్షరాలు గంతులేస్తున్నాయి.

పొద్దున ఫండ్ ధర చూశాను. ఖాతా తెరవలేదు, ఉత్త ధర ఒక్కటే. కిటికీలోంచి మబ్బు చూసినట్టు. మార్చిలో ఇరవై రెండు డాలర్లకి కొన్నాను. ఈ రోజు నూట తొమ్మిది.

నూట తొమ్మిది! కళ్ళజోడు తుడుచుకుని చూశాను. పేజీ మూసి మళ్ళీ తెరిచాను. నూట తొమ్మిదే. లేచి మొహం కడుక్కుని వచ్చి చూశాను. అత్తకి సగం కాదు, మొత్తం ఇచ్చేయొచ్చు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు.

సాయంత్రం షిఫ్టు వాళ్ళంతా వచ్చి కూర్చున్నాక చేతులు తుడుచుకుని బల్ల ముందు నిలబడ్డాను.

"అందరికీ పికాన్. నా లెక్కలో."

వెండెల్ రొట్టె నములుతూ ఆగిపోయాడు. "ఏంటి తల్లీ, పేయో గనిలో బంగారు ముద్ద దాచాడా?"

"పేయో కాదు. నేను. ఈ భోజనశాల కొంటున్నాను. అత్తా, ఆ విన్నెమక్కాయనకి ఫోన్ చేసి బల్లల జోలికి రావద్దని చెప్పు."

కేకలు, ఈలలు. అత్త గరిటె పట్టుకునే నన్ను కౌగిలించుకుంది. నా వీపంతా సూప్. పేయో మాత్రం లేచి నిలబడి అలాగే చూస్తూ ఉన్నాడు.

"నిజంగానా?" అన్నాడు.

"నిజంగానే."

"దేంట్లో వచ్చిందే?"

"ఇంటికెళ్ళాక చెబుతాను. ముందు తాగు."

అతను అందరి ముందూ నన్ను ముద్దు పెట్టుకున్నాడు. పెళ్ళి రోజు కూడా సిగ్గుపడ్డ మనిషి. ఇంటికి వచ్చేసరికి తాగింది ఎక్కువై పడి నిద్రపోయాడు. రేపు అమ్మేసి, డబ్బు చేతిలో పెట్టి చెబుతాను.

జులై 18

పది కలిపి ఒకటి చేశారు.

జులై 18, సాయంత్రం

రాస్తేగాని అర్థమయ్యేలా లేదు.

అమ్ముదామని ఖాతా తెరిచాను. ధర నూట తొమ్మిదే ఉంది. కానీ నా యూనిట్లు పదోవంతే ఉన్నాయి. దొంగతనం జరిగిందనుకున్నాను. ఫండ్ వాళ్ళకి ఫోన్ చేసి అరిచాను. అవతల ఒక అమ్మాయి, గొంతు వింటే చదువు నిన్ననే అయినట్టుంది.

"దొంగతనం కాదు మేడమ్. ధర మరీ తగ్గిపోతే పది యూనిట్లు కలిపి ఒకటి చేస్తారు. ముందే మెయిల్ పంపాం."

"తగ్గిపోవడమేంటమ్మా? నూట తొమ్మిది కదా!"

"పాత లెక్కలో పది చిల్లర మేడమ్. మీరు కొన్నది ఇరవై రెండుకి."

సగం. సగం పోయింది.

"కానీ గని షేర్లు పడ్డాయి" అన్నాను. "మార్చి కంటే తక్కువే ఉన్నాయి. నువ్వే చూడు."

చూసింది. "అవును మేడమ్, పడ్డాయి. మీరు చెప్పింది కరెక్టే."

"మరి నా డబ్బేదీ?"

"ఇది ఒక్క రోజు కోసం చేసిన ఫండ్ మేడమ్. పొద్దున కొని సాయంత్రం అమ్మేవాళ్ళ కోసం."

"ఒక్క రోజా?"

"నూరు అనుకోండి. షేర్లు ఇవాళ తొంభైకి పడ్డాయి. మీ ఫండ్ ముప్ఫై పెరిగి నూట ముప్ఫై అయింది. రేపు షేర్లు మళ్ళీ నూరుకొచ్చాయి. తొంభై నుంచి నూరంటే పదకొండు శాతం. దానికి మూడింతలు, ముప్ఫైమూడు శాతం, మీ నూట ముప్ఫైలోంచి పోతుంది. మిగిలేది ఎనభై ఏడు. షేర్లు ఉన్నచోటికే వచ్చాయి. మీ డబ్బు రాలేదు. ఇలా ఊగిన ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంది మేడమ్. ఎన్నాళ్ళు పట్టుకున్నారు?"

"మార్చి నుంచి."

"కదలకుండానా?" అంది. పాపం, వెక్కిరింపు కాదు. నిజంగానే నమ్మలేక అడిగింది.

కదలకుండా. అదే కదా నా గొప్ప. మతిపోయిన కోడిలా రోజూ గెంతేవాళ్ళ కోసం చేసినదాని మీద నేను గొర్రెల కాపరిలా కూర్చున్నాను.

జులై 19

చెప్పలేదు.

జులై 20

చెప్పలేదు. చర్చి మెట్ల మీద అందరూ ఓనరమ్మా అని పిలిచారు. పేయో పక్కనే ఉన్నాడు, ఛాతీ విరుచుకుని. దేంట్లో వచ్చిందని ఇంటికొచ్చాక మళ్ళీ అడిగాడు. ఫండ్ అన్నాను. "నా పెళ్ళాం బుర్రే బుర్ర" అన్నాడు.

జులై 31

అమ్మలేదు. ఊగకుండా ఒక్కసారి గట్టిగా పడితే చాలు, చాలావరకు వెనక్కి వస్తుంది. ఒక్కసారి. ఒకే ఒక్కసారి గట్టిగా.

ఆగస్టు 26

పడ్డాయి.

అత్త వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. టీవీ కింద గీతలో గని షేర్లన్నీ ఎర్రగా పరిగెత్తాయి. పేయో పనిచేసే కంపెనీవైతే కొండ మీదనుంచి దొర్లినట్టు పడ్డాయి. కత్తి వదిలేసి చప్పట్లు కొట్టాను. "లేచింది!" అని గట్టిగా అరిచాను కూడా. అత్త ఉలిక్కిపడి, "ఏం లేచిందే?" అంది. సమాధానం చెప్పేలోపు బయట గని బస్సు ఆగిన చప్పుడు.

మధ్యాహ్నం. ఆ వేళప్పుడు బస్సు ఎప్పుడూ రాదు.

ఒక్కొక్కళ్ళే దిగారు. పేయో చేతిలో తిండి డబ్బాతోపాటు ఒక అట్టపెట్టె ఉంది. అందులో అతని లాకరులో ఉండే చొక్కా, గోడకి అంటించుకున్న నా ఫొటో, ఒక జత చేతి తొడుగులు.

"కింది గని మూసేశారు" అన్నాడు. "మొత్తం. మా షిఫ్టు అంతా."

నా చేతులు ఇంకా చప్పట్లు కొట్టినట్టే ఎదురెదురుగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్ని నెలలుగా నేను కోరుకున్న ఎర్ర గీత ఇదే. ఆ గీత బస్సు దిగి నడిచి వస్తుందని నేను అనుకోలేదు. అనుకోలేదని రాస్తున్నాను గానీ, మరి ఏం అనుకున్నాను? గనులు పడితే ఇంకెవరి మీద పడతాయి?

పేయో పెట్టె కింద పెట్టి నా మొహం చూసి, "ఏడవకే. నీ భోజనశాల ఉందిగా. గిన్నెలు కడిగే పనైనా ఇస్తావు" అన్నాడు. నవ్వించడానికి.

ఆగస్టు 28

వాళ్ళంతా ఈ రాత్రి వచ్చారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు ఉన్నవన్నీ అడిగి అడిగి తిన్నారు. తిన్నాక వెండెల్ నన్ను బల్ల దగ్గర కూర్చోమన్నాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అప్పుడు వరసగా ఒక్కొక్కళ్ళే లేచి వచ్చి నా ముందు ఒక్కో పికాన్ పెట్టారు. ఆ చివర నుంచి ఈ చివర వరకూ ఒక్కరూ ఆగలేదు.

"ఏంటిది?" అన్నాను.

"ఆ రోజు నువ్వు పోయించావు. మేం తిరిగి పోయించలేదు" అన్నాడు వెండెల్. "సగం మందిమి ఊరు వదిలేస్తున్నాం తల్లీ. ఈ బల్ల దగ్గర బాకీ పెట్టి ఎవడూ పోలేదు."

ఒక గ్లాసు ఎత్తాను. కింద పెట్టేశాను.

"ఇవి నేను తాగకూడదు" అన్నాను. "మీ గనులు పడతాయని పందెం కాశాను. మార్చి నుంచి. భోజనశాల డబ్బంతా పెట్టి. మీరు రెండో గ్లాసు మానేసినప్పుడల్లా లెక్క వేసుకున్నాను."

అత్త వంటింటి గుమ్మంలో గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. వెండెల్ గడ్డం గోక్కున్నాడు.

"ఎంత గెలిచావ్?"

"ఓడిపోయాను. మొన్న పడ్డాక కూడా సగానికి కాస్తే ఎక్కువ మిగిలింది. ఆ రోజు పోయించింది కూడా లెక్క తప్పి పోయించాను."

"మా కొంపలు మునిగినా నీకు రాలేదా?"

"రాలేదు."

వాడు నన్నే చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత బల్లే కదిలింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. "కనీసం నువ్వైనా బాగుపడాల్సింది కదే!" అని ఎవరో అన్నారు. ఆ మాటకి మళ్ళీ నవ్వారు.

నవ్వనిది ఒక్కడే. పేయో తన కంచం తీసుకుని, నా పక్కనుంచి లేచి, బల్ల ఆ చివరకి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడున్నది రెనో నుంచి వచ్చిన ఎవరో దారినపోయే మనుషులు. వాళ్ళకి రొట్టె అందించాడు.

ఇంట్లో దీపం ఆర్పాక అడిగాడు.

"రోజూ నేను కిందకి దిగుతుంటే, నువ్వు పైన కూర్చుని అది పడాలని కోరుకున్నావా?"

"పడాలని కాదు. పడితే మనకి..."

"రోజూ?"

లేచి మంచం మీద కూర్చున్నాను.

"నాకు చెప్పకుండా" అన్నాడు. డబ్బు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. డబ్బు గురించైతే నా దగ్గర జవాబులున్నాయి.

ఆగస్టు 29

అమ్మేశాను. పొద్దున్నే, మొదటి పని. ఇంకా పడతాయి, ఆగు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు, నాదే.

సెప్టెంబరు 30

అత్త సంతకం పెట్టింది. మళ్ళీ పిలిపిస్తే వచ్చిన విన్నెమక్కాయన పెన్ను ఇచ్చాడు. మిగిలింది ఇంకో నాలుగు నెలల ఇంటి ఖర్చుకి అట్టేపెట్టాలి, పేయోకి పని దొరికేదాకా. అత్తకి ఏ సగం ఇవ్వను? "ఏడవకే, నువ్వు ఏడిస్తే నేనూ ఏడవాలి, నా మోకాళ్ళకి అది కూడా పడదు" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

పేయో నాతో మాట్లాడతాడు. ఉప్పు, బస్సు, వాన. అంతే.

అక్టోబరు 9

రంపం తెచ్చారు. మొదటి బల్ల మధ్యకి కోస్తుంటే వెళ్ళి నిలబడ్డాను. రెండోది కూడా చూశాను. మూడోదాని మీదకి రంపం ఎత్తగానే, నాకే తెలియకుండా దాని మీద చేతులు చాపి వాలిపోయాను. వడ్రంగి బిత్తరపోయాడు.

"ఇది నాకు అమ్మండి" అన్నాను.

"ఎక్కడ పెడతావమ్మా దీన్ని?" అన్నాడు విన్నెమక్కాయన.

తెలియదన్నాను. కట్టెల ధరకి ఇచ్చాడు. వెండెల్ ఊరు వదిలేముందు చేసిన ఆఖరి పని, దాన్ని తన ట్రక్కు మీద మా ఇంటికి చేర్చడం. గుమ్మం పట్టలేదు. పెరట్లో దించి, "ఇది ఎత్తానని మా ఆవిడకి చెప్పకు, మళ్ళీ వీపు నొప్పంటే నమ్మదు" అని వెళ్ళిపోయాడు.

అక్టోబరు 10

కొండల మీద మంచు పడింది. పెరట్లో గాలి కోసేస్తోంది. అయినా బీన్స్ వండి, ఉన్న కుర్చీలన్నీ బల్ల చుట్టూ వేసి, గిన్నె మధ్యలో పెట్టి ఈ చివర కూర్చున్నాను. పిలవలేదు. పిలిచే మొహం లేదు.

చాలాసేపటికి పేయో కోటు వేసుకుని బయటికొచ్చాడు. బల్ల వైపు చూశాడు. చెక్క మీద ఒకచోట చెయ్యి పెట్టి తడిమాడు. మొట్టమొదట అతను కూర్చున్న చోటు అదేనేమో, నాకు గుర్తులేదు, అతనికి ఉండొచ్చు. తర్వాత వెళ్ళి ఆ చివర కూర్చున్నాడు.

గిన్నె మధ్యలో ఉండిపోయింది. అటు నుంచి ఇటు అందించడానికి మధ్యలో మనుషుల్లేరు. ఆవిరి తగ్గిపోతోంది.

"చెయ్యి అందట్లేదు" అన్నాడు చివరికి.

"గిన్నె అటు జరపనా?"

"గిన్నె కాదు."

లేచాను. ఎంత దూరం జరగొచ్చో తెలియక ఒక కుర్చీ జరిగాను. ఇంకొకటి జరిగాను. అతనే మధ్యకి వచ్చి కూర్చుని, గిన్నె ఎత్తి అందించాడు. నా మొహం చూడలేదు.

తీసుకున్నాను.